బంద పూడ్చకముందు

ఆ పేపరు బిందుమాధవి అడిగి తీసుకున్నది కాదు. అనకాపల్లి శివార్లలో యూనివర్సిటీ నడుపుతున్న చిన్న పీజీ సెంటర్లో ఆమె జువాలజీ లెక్చరర్. కాంట్రాక్టు ఉద్యోగం. కొత్త సిలబస్‌లో ‘జీవవైవిధ్యం, మానవ ఆరోగ్యం’ అని ఒక ఎలక్టివ్ వచ్చింది. ఏ డిపార్ట్‌మెంట్ విద్యార్థులైనా తీసుకోవచ్చు. సీనియర్లిద్దరూ తమకు ఖాళీ లేదన్నారు. అలా అనే చొరవ బిందుమాధవికి లేదు. పేపరు వచ్చి ఆమె చేతిలో పడింది.

విద్యార్థులు కూడా ముచ్చటపడి చేరినవాళ్ళు కారు. అందరూ కంప్యూటర్ ఎలక్టివ్‌కి ఎగబడ్డారు. అక్కడ సీట్లు నిండిపోయాక మిగిలినవాళ్ళు ఇటు వచ్చారు. పట్టుమని పదిమంది లేరు. వాళ్ళలో ముందు బెంచీలో కూర్చునేది గంగాభవాని. రాజయ్యపేట పిల్ల. తండ్రి సముద్రం మీద వేటకు వెళతాడు, తల్లి కొర్లమ్మ నక్కపల్లిలో చేపలమ్ముతుంది. ఆ ఇంట్లో పీజీ దాకా వచ్చింది భవానీయే మొదలు. హాస్టల్లో ఉంటుంది. వెనక బెంచీలో కూర్చుని ఎక్కువ మాట్లాడేవాడు నానాజీ. వాళ్ళది నక్కపల్లి దగ్గర చెరుకు రైతు కుటుంబం. రోజూ బస్సులో వచ్చి పోతుంటాడు.

బిందుమాధవి స్లైడ్లు తయారుచేసుకుని పాఠం మొదలుపెట్టింది. మందులిచ్చే మొక్కలు, పంటల్లో రకాలు తగ్గితే తిండిలో వచ్చే లోపాలు, అడవులు నరికితే ఊళ్ళలోకి వచ్చే రోగాలు. అంతా సరిగానే చెప్పేది. కానీ ఎక్కడో అమెజాన్ గురించీ, ఆఫ్రికా గురించీ చెబుతుంటే తన గొంతు తనకే చప్పగా వినిపించేది.

ఒకరోజు నానాజీ లేచి, “మేడమ్, మా సెరుకు తోటల్లో పాములు బోలెడు. అవుంటే మాకు ఆరోగ్యమా, లేకపోతే ఆరోగ్యమా?” అని అడిగాడు. క్లాసంతా నవ్వింది.

“పాములు లేకపోతే ఏవి పెరుగుతాయి?” అంది బిందుమాధవి.

“ఎలకలు.”

“అవి పెరిగితే?”

“సెరుకు కొరికేత్తాయి.”

“చెరుకుతో ఆగవు కదా. వాటి మూత్రం పొలం నీళ్ళలో కలుస్తుంది. కాళ్ళు పగిలినవాళ్ళు ఆ నీళ్ళలో దిగితే జ్వరం వస్తుంది. లెప్టోస్పైరోసిస్ అంటారు.”

అందరూ దాని స్పెల్లింగ్ అడిగి రాసుకున్నారు. రాసుకోవడంతో ఆ పాఠం అక్కడికి అయిపోయింది. బాగా జరగబోయిన క్లాసు ఒకటి చేతిలోంచి జారిపోయినట్టు ఆమెకు ఇంటికెళ్ళేదాకా అనిపిస్తూనే ఉంది.

వానలు ముదిరాక హాస్టల్లో జ్వరాలు మొదలయ్యాయి. మొదట పడింది శ్రీదేవి. ఆమె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, భవాని ఉండే గదిలోనే ఉంటుంది. కళ్ళు తెరవలేనంత తలనొప్పి, ఒళ్ళు విరిచేసినట్టు నొప్పులు. అనకాపల్లిలో ఆసుపత్రిలో చేర్చారు. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని విని వాళ్ళమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆ వెనకే మరో ఇద్దరమ్మాయిలు మంచం పట్టారు. తల్లిదండ్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ గారు ఎకనామిక్స్ మనిషి, మెతక మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడినా ఆయనకు నిద్ర పట్టదు. సెంటర్ వెనక, హాస్టల్ గోడకు ఆనుకుని ఒక చిన్న చెరువుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని బంద అంటారు. సగం గుర్రపుడెక్క, సగం నీళ్ళు. సాయంత్రమైతే కప్పలు. ఆయన వరండాలో నిలబడి ఒక పూట దాన్నే చూసి, జేసీబీ అతనికి ఫోన్ చేశారు.

ఆ మాట చెవిన పడి బిందుమాధవి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. అప్పటికే హాస్టల్ వార్డెన్ అప్పలనర్సమ్మ అక్కడ నిలబడి ఉంది.

“సార్, బంద పూడ్చేస్తారని విన్నాను” అంది బిందుమాధవి.

“విన్నది నిజమేనమ్మా. ముగ్గురు పిల్లలు పడ్డారు. నాలుగో పిల్ల పడకముందే ఏదో ఒకటి సెయ్యాలి కదా.”

“సాయంత్రమైతే కిటికీలు తియ్యలేకపోతన్నాం బాబూ” అంది అప్పలనర్సమ్మ. “ఆ కప్పల గోలొకటి. ఆ మురికి కాడ దోమలు పుట్టక ఇంకేటి పుడతాయి.”

“డెంగీ దోమ అలాంటి నీళ్ళలో పెరగడం అరుదు సార్. ఇళ్ళ దగ్గర, తొట్లలో నిలవున్న మంచి నీళ్ళలో పెరుగుతుంది. బందలో చేపలూ కప్పలూ తూనీగ పిల్లలూ ఉంటాయి. అవి దోమ లార్వాలను తినేస్తాయి” అంది బిందుమాధవి.

“అది పుస్తకంలో ఉందా?”

“ఉంది సార్.”

“మన బందలో అలాగే ఉందని ఎవరైనా సూసేరా?”

రెండేళ్ళుగా బిందుమాధవి ఆ బంద పక్కనుంచే నడిచి వస్తోంది. ఒక్కసారి కూడా ఒడ్డుకు దిగలేదు.

“చూసి చెప్తాం సార్. మా క్లాసుకి కొంచెం టైమివ్వండి” అంది.

దేవీప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “జేసీబీ అతను ఈ శనివారం వత్తానన్నాడు. పై శనివారం రమ్మంటాను. ఈలోగా నువ్వు సెప్పింది సూపించు. సూపించలేకపోతే నన్ను ఆపొద్దు.”

మర్నాడు క్లాసు స్లైడ్లతో మొదలవలేదు. బిందుమాధవి జరిగింది చెప్పి, “లార్వాలు ఎక్కడున్నాయో మనమే వెతకాలి. తెల్లటి గిన్నెలు, పొడుగు గరిటెలు కావాలి” అంది. భవాని హాస్టల్ వంటింట్లోంచి గరిటెలు పట్టుకొచ్చింది. వెనకాలే అప్పలనర్సమ్మ వచ్చి, “పులుసు గరిటెలమ్మా అయ్యి. బందలో ముంచినవి మళ్ళీ నా వంటింట్లోకి తేవద్దు” అని గట్టు మీదే నిలబడింది.

నానాజీ ప్యాంటు మడిచి ముందు దిగాడు. నీళ్ళు తేటగా ఉన్నచోట గరిటె ముంచి తెల్ల బేసిన్‌లో పోశాడు. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. బేసిన్‌లో చిన్న చేపపిల్ల ఒకటి గిరగిరా తిరిగింది. వెల్లకిలా ఈదే పురుగులు రెండు కనిపించాయి. తూనీగ పిల్ల, బూడిదరంగులో కాళ్ళు చాపుకుని అడుగున కూర్చుంది. దోమ లార్వా ఒక్కటి లేదు. ఇంకోచోట ముంచారు. అక్కడా లేదు.

“మేడమ్, మనం గెలిసేసేం” అన్నాడు నానాజీ.

“అటు గుర్రపుడెక్క వైపు కూడా చూద్దాం” అంది బిందుమాధవి.

గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న అంచున, ఆకుల మధ్య నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అక్కడ ముంచిన గరిటె బేసిన్‌లో ఒంపగానే అందరూ ఇంకా దగ్గరకు వంగారు. సన్నటి లార్వాలు తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోయాయి. లెక్కపెట్టడం కుదరనన్ని ఉన్నాయి.

గట్టు మీంచి అప్పలనర్సమ్మ, “నాను సెప్పలేదేటి” అంది.

నానాజీ గొంతు తగ్గించాడు. “మేడమ్, ఈ మూల సూసినట్టు రాయకపోతే ఏటవుద్ది? మిగతా బందంతా బాగానే ఉంది కదా. సార్‌కి అదే సూపిద్దాం.”

బిందుమాధవికి కోపం రాలేదు. అతను అనకముందే ఆ ఆలోచన తన మనసులోకి వచ్చి పోయింది. బంద మిగలాలన్న కోరిక ఆమెకు అంత గట్టిగా ఉంది. ఒడ్డున లకుముకి పిట్ట తుంగ మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. పిల్లలందరూ తన మొహంలోకి చూస్తున్నారు.

“రాద్దాం నానాజీ” అంది చివరికి. “కనిపించింది కనిపించినట్టు రాద్దాం. మనం నచ్చిన మూలనే చూపిస్తే రేపు ఇంకొకరికి జ్వరం వస్తుంది. అప్పుడు మన మాట ఎవరూ వినరు.”

భవాని అప్పటిదాకా మోకాళ్ళ మీద కూర్చుని బేసిన్‌లోకే చూస్తోంది. “మేడమ్, దోమల్లో కూడా రకాలున్నాయన్నారు కదా. ఇవి ఏ రకమో మనకి తెల్దు. సీసాల్లో ఏసి పెంచితే? పెద్దయ్యాక తెలుత్తాది.”

“తెలుస్తుంది. నాలుగైదు రోజుల్లో రెక్కలొస్తాయి.”

“మరి హాస్టల్లో కూడా ఎతకాలి కదా మేడమ్. అక్కడున్నవి కూడా పెంచి, రెండూ పక్కపక్కన ఎట్టి సూడాలి.”

ఆ మాటతో బిందుమాధవికి ప్రాణం లేచొచ్చింది. తను చెప్పాల్సిన మాట భవాని నోట వచ్చింది. ఈ పేపరు మొదలయ్యాక క్లాసులో ఒకరు ఇలా ముందుకు ఆలోచించడం అదే మొదటిసారి.

హాస్టల్లో వెతకడానికి అప్పలనర్సమ్మ సులువుగా ఒప్పుకోలేదు. “నా హాస్టలు అద్దంలాగ ఉంటాది. అబ్బాయిలు లోపలికి రావద్దు” అంది. అబ్బాయిలను బయట ఉంచి, అమ్మాయిలు, బిందుమాధవి లోపలికి వెళ్ళారు. నిజంగానే శుభ్రంగా ఉంది. గచ్చు తళతళలాడుతోంది. కానీ స్నానాల గదుల దగ్గరి సిమెంటు తొట్టిలో టార్చి వేసి చూస్తే అడుగున లార్వాలు కదిలాయి. ఆ తొట్టిని రోజూ నింపుతారు గానీ ఏనాడూ పూర్తిగా ఖాళీ చేయరు. వంటింట్లో ఫ్రిజ్ వెనక నీళ్ళు చేరే ట్రేలో కూడా ఉన్నాయి. భవాని గదిలోనే, కిటికీలో పెట్టుకున్న మనీప్లాంట్ సీసాలో రెండు కనిపించాయి. ఆ సీసా శ్రీదేవిది. మంచం పక్కనే ఉంది.

అప్పలనర్సమ్మ ఫ్రిజ్ ట్రే చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. “దీనికి ఇలాంటిదొకటుందని నాకెవులూ సెప్పలేదమ్మా” అంది మెల్లగా.

“మాకూ తెలీదు వార్డెన్ గారూ. చూస్తేనే తెలిసింది” అంది బిందుమాధవి.

ఆఖర్న మేడ ఎక్కారు. మేడ మీద పిట్టగోడ వెంబడి వరసగా మట్టి మూకుళ్ళు. వాటి నిండా వాననీళ్ళు. కొన్నిట్లో ఆకులు కుళ్ళి నీళ్ళు టీ రంగులోకి మారాయి. భవాని ఒకదాని ముందు వంగి చూసి, తర్వాతదాని దగ్గరకు వెళ్ళి, మరోదాన్ని చూసి ఆగిపోయింది. తొట్టిలో, ట్రేలో కనిపించినవన్నీ కలిపినా ఈ మూకుళ్ళలో ఉన్నన్ని ఉండవు.

ఆ మూకుళ్ళు పెట్టించింది బిందుమాధవే. జూన్‌లో క్లాసులు మొదలైనప్పుడు ఇంకా ఎండలు మండిపోతున్నాయి. మొదటి వారం పాఠంగా, పిచ్చుకలకూ గోరింకలకూ నీళ్ళు పెడదామని పిల్లలతో ఊళ్ళోంచి మూకుళ్ళు కొనిపించి మేడ మీద వరసగా పెట్టించింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. తర్వాత వానలు పడ్డాయి. పిట్టలకు నీళ్ళ కరువు తీరింది. పిల్లలు పరీక్షల్లో పడ్డారు. మళ్ళీ మేడ ఎక్కిన వాళ్ళు లేరు.

బిందుమాధవి పిట్టగోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆసుపత్రి మంచం మీది శ్రీదేవి మొహం కళ్ళ ముందుకు వచ్చింది. అమ్మాయిలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళందరూ మోసుకొచ్చిన మూకుళ్ళే అవి.

“మేడమ్, ఒంపేయమంటారా?” అంది భవాని.

“ముందు ఒక సీసాలోకి తీసుకో” అంది బిందుమాధవి. “తర్వాత అన్నీ ఒంపేద్దాం. నేనూ పట్టుకుంటాను.”

మూకుళ్ళు ఒక్కొక్కటీ ఎండిన గచ్చు మీద ఒంపి, పీచుతో తోమి, బోర్లించారు. తొట్టి ఖాళీ చేసి అప్పలనర్సమ్మ స్వయంగా సున్నం రాసింది. లాబ్‌లో బల్ల మీద సీసాలు వరసగా పెట్టి, మూతులకు పాత చున్నీ గుడ్డ కట్టి, దేని మీద దాని పేరు అంటించారు. బంద తేట, బంద డెక్క, తొట్టి, ట్రే, మేడ. బంద తేట సీసాలో చేపపిల్ల తప్ప ఏమీ లేదు గానీ దాన్నీ ఉంచమన్నాడు నానాజీ.

రెండ్రోజుల తర్వాత శ్రీదేవిని హాస్టల్‌కు తీసుకొచ్చారు. గండం గడిచింది గానీ నిలబడితే కళ్ళు తిరిగేవి, నోటికి ఏదీ సహించేది కాదు. కూతురి గదిలో పిల్లకు బాగోలేదని తెలిసి కొర్లమ్మ రాజయ్యపేట నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ. కవళ్ళ చేపల పులుసు, మెత్తగా వండిన అన్నం. మంచం పక్కన కింద కూర్చుని, ముళ్ళు తీసి ముద్దలు చేసి పెట్టింది. శ్రీదేవి నాలుగు ముద్దలు తింది. జ్వరం తగిలాక అంత తిన్నది అదే.

చూడ్డానికి వచ్చిన బిందుమాధవి గుమ్మంలో నిలబడింది. కొర్లమ్మ లేవబోయింది.

“కూర్చోండమ్మా. పిల్లకి పెట్టండి” అంది బిందుమాధవి.

“మీరేనా మా అమ్మాయి సెప్పిన మేడమ్ గారు? ఫోన్ సేత్తే సాలు, దోమలే సెప్తాది. సీసాల్లో ఏసి పెంచుతన్నామంటాది. అంత సదువు సదివించి దోమలు పెంచడానికా అని వాళ్ళయ్య అడగమన్నాడు” అంది కొర్లమ్మ. మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“ఏ దోమ ఎక్కడ పుడుతోందో తెలిస్తే ఇంకో పిల్ల పడకుండా చూడొచ్చు. అందుకు.”

కొర్లమ్మ ఇంకో ముద్ద కలుపుతూ, “అలగైతే పెంచుకోమను” అంది. తర్వాత, “మీరు కూడా రెండు ముద్దలు తినండమ్మా. మొహం సూత్తే పొద్దున్నించీ తిన్నట్టు లేదు” అంది.

బిందుమాధవి కాదనలేకపోయింది. మంచం అంచున కూర్చుని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తింది. తింటూనే శ్రీదేవితో చెప్పేసింది. “మేడ మీద మూకుళ్ళు పెట్టించింది నేనేనమ్మా. వాటిలో దోమలు పెరిగాయి. నీకు జ్వరం వాటివల్లే వచ్చిందని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను.”

శ్రీదేవి దిండు మీద తల పెట్టి ఆమెవైపు చూసింది. “నా మనీప్లాంట్ సీసాలో కూడా ఉన్నాయంట కదా మేడమ్. భవాని సెప్పింది. నాకు నేనే పెట్టుకున్నాను” అంది నీరసంగా నవ్వుతూ.

శుక్రవారం పొద్దున్న లాబ్ తలుపు తీసేసరికి సీసాల్లో దోమలు ఎగురుతున్నాయి. క్లాసు మొత్తం ఒకేసారి లోపలికి వచ్చింది. భూతద్దం చేతులు మారింది. బంద డెక్క అని రాసిన సీసాలో దోమలు గోధుమరంగువి. కాళ్ళ మీద చారలేమీ లేవు. క్యూలెక్స్ అంది బిందుమాధవి. తొట్టి, ట్రే, మేడ అని రాసిన మూడు సీసాల్లోనూ నల్లటివి, కాళ్ళకు తెల్లటి కడియాలు తొడిగినట్టున్నవి.

“ఇవే మేడమ్. స్లైడ్లో సూపించేరు కదా. డెంగీవి” అన్నాడు నానాజీ. అతని గొంతులో గెలిచిన సంబరం లేదు. భూతద్దం పక్కవాళ్ళకు ఇవ్వడం మరిచిపోయి అలాగే చూస్తున్నాడు.

బిందుమాధవి సీసాలన్నీ ఒక ట్రేలో పెట్టించుకుని, భవానినీ నానాజీనీ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. చూసిందంతా వరసగా చెప్పింది. బంద తేట నీళ్ళలో లార్వాలు లేవని, గుర్రపుడెక్క అంచున మాత్రం బోలెడు ఉన్నాయని, అవి డెంగీవి కాదని, అయినా కుడతాయి కాబట్టి, బోదకాలు మోసే జాతి కూడా ఆ రకంలోనిదే కాబట్టి వదిలేయకూడదని. డెంగీ దోమలు హాస్టల్లోనే పుడుతున్నాయని.

“ఎక్కువగా ఎక్కడున్నాయి?” అన్నారు దేవీప్రసాద్ గారు.

“మేడ మీద మూకుళ్ళలో సార్.”

“మూకుళ్ళు ఎవరు పెట్టేరు?”

“నేనే సార్. పిట్టల కోసం పెట్టించాను. తర్వాత చూసుకోలేదు.”

భవాని ఒకడుగు ముందుకు వేసింది. “మేమందరం పెట్టేం సార్. నీళ్ళు మార్సాల్సింది మేమే.”

దేవీప్రసాద్ గారు తెల్ల కడియాల దోమను సీసాలో అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత లేచి, వార్డెన్‌కి చెప్పి, ముగ్గురినీ వెంటబెట్టుకుని హాస్టల్ మేడ ఎక్కారు. బోర్లించిన మూకుళ్ళు చూశారు. పిట్టగోడ మీంచి కిందున్న బందను చూశారు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తూనీగలు తిరుగుతున్నాయి.

“పూడ్చేత్తే ఏటవుద్దమ్మా?” అన్నారు.

“ఇది పల్లపు జాగా సార్. మట్టి పోసినా వాన నీళ్ళు గుంటల్లో నిలబడతాయి. అప్పుడు వాటిలో చేపలుండవు, తూనీగలుండవు. దోమలుంటాయి.”

“మరైతే రేపు జేసీబీ అతన్ని రావద్దంటే అడ్వాన్సు ఎనక్కివ్వడు.”

“రమ్మనండి సార్” అన్నాడు నానాజీ. “గుర్రపుడెక్క తీయించేద్దాం. మా నాన్న మా ఊరి సెరువులో అలాగే తీయించేడు. అంచుదాకా నీళ్ళు తేటైతే సేపలు అక్కడికీ వత్తాయి.”

ప్రిన్సిపాల్ గారు అతనివైపు చూసి, చాలా రోజుల తర్వాత నవ్వారు. “సరే. మరి ఈ మూకుళ్ళు పారేయించమంటావా?” అని బిందుమాధవిని అడిగారు.

ఆమె పారేయిద్దామనే అనబోయింది. ఈలోగా భవాని, “వద్దు సార్. మనిషికొకటి పంచేత్తే సరి. ఎవులిది వాళ్ళు వారానికోపాలి తోమాల. తోమనోళ్ళది బోర్లించేద్దాం” అంది.

శనివారం జేసీబీ వచ్చింది. గుర్రపుడెక్కను తట్టలు తట్టలుగా తీసి గట్టున పడేస్తుంటే కొంగలు వెనకే తిరుగుతూ ఏరుకు తిన్నాయి. అప్పలనర్సమ్మ టీ కాయించి అందరికీ పంపింది. హాస్టల్లో తొట్టి ఖాళీ చేయడం, ట్రే ఒంపడం ప్రతి శుక్రవారం పనైంది. ఆ పనికి క్లాసులోని అమ్మాయిలే వంతులు వేసుకున్నారు. అప్పటికే దోమ కుట్టిన ఒకమ్మాయికి ఆ తర్వాత కూడా జ్వరం వచ్చింది. దాంతో కొన్నాళ్ళు అందరూ బిక్కుబిక్కుమన్నారు. ఆమెకు త్వరగానే తగ్గింది. తర్వాత కొత్తగా ఎవరూ పడలేదు. వానలు తగ్గడం వల్ల కూడా కావచ్చునని బిందుమాధవి క్లాసులో చెప్పింది. వచ్చే ఏడాది కూడా చూస్తేగానీ తెలియదంది.

శ్రీదేవి కోలుకున్నాక కంప్యూటర్ ఎలక్టివ్ మానేసి ఈ క్లాసులో కూర్చుంటానని వచ్చింది. రూల్స్ ఒప్పుకోవని ఆఫీసులో అన్నారు. అయినా రోజూ వచ్చి భవాని పక్కన కూర్చునేది. బిందుమాధవి స్లైడ్లు మానేయలేదు. కానీ ప్రతి పాఠానికీ ముందు, ఇది మన దగ్గర ఎక్కడ కనిపిస్తుందని అడగడం అలవాటు చేసుకుంది. ఎలకల పాఠం మళ్ళీ చెప్పింది. ఈసారి నానాజీ వాళ్ళ పొలానికి అందరూ వెళ్ళారు. తిండిలో రకాల గురించి చెప్పినప్పుడు ఎవరింట్లో ఆ వారం ఏయే ఆకుకూరలు, ఏయే చేపలు వండారో చెప్పుకున్నారు. ఆ గంట బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ రోజు ఇంటికెళ్ళే బస్సులో బిందుమాధవికి కూర్చోడానికి సీటు దొరకలేదు. నిలబడి, కమ్మీ పట్టుకుని, తనలో తనే నవ్వుకుంటూ వెళ్ళింది.

సెమిస్టర్ చివర్లో విశాఖలో ఒక సమావేశం పెట్టారు. ఈ కొత్త పేపరు చెబుతున్న లెక్చరర్లందరూ వచ్చి తాము ఎలా చెబుతున్నారో చెప్పాలి. దేవీప్రసాద్ గారు బిందుమాధవిని పిలిచి, “నువ్వెళ్ళు. భవానినీ నానాజీనీ కూడా తీసుకెళ్ళు” అన్నారు. ఆమె వెళ్ళబోతుంటే, “మూకుళ్ళ సంగతి కూడా సెప్తావా?” అన్నారు.

“అది చెప్పకపోతే మిగతాది నిలబడదు సార్.”

“సెప్పు మరి. ఫ్రిజ్ ట్రే గురించి కూడా సెప్పు. మా ఇంట్లో సూత్తే అందులో కూడా ఉన్నాయి.”

సమావేశం పెద్ద హాల్లో జరిగింది. ముందు మాట్లాడినవాళ్ళు అడవుల గురించీ అంతర్జాతీయ ఒప్పందాల గురించీ చెప్పారు. తన వంతు వచ్చినప్పుడు బిందుమాధవి మొదటి రెండు వాక్యాలు కాగితం చూసి చదివింది. కానీ బంద పేరు ఎత్తగానే మాట దారిలో పడింది. ఎక్కడ తప్పామో, ఎక్కడ దాచేద్దామనిపించిందో కూడా చెప్పింది. దోమల సీసాలూ ఫోటోలూ భవాని చూపించింది. కబుర్లాడుకుంటున్న వెనక వరసలు కూడా సద్దుమణిగాయి.

అంతా అయ్యాక నడివయసు లెక్చరర్ ఒకాయన లేచారు. “మీకు బంద ఉంది కాబట్టి బాగుంది. మా కాలేజీ ఊరి మధ్యలో ఉంది. చుట్టూ షాపులు. చెట్టు కూడా లేదు. మేము ఈ పాఠం ఎక్కడ చూపించాలి?” అన్నారు.

బిందుమాధవి జవాబు చెప్పబోయి, పక్కన భవాని మైకు వైపు చూడడం గమనించింది. మైకు ఆమెకు ఇచ్చింది.

భవాని కాస్త తడబడి, “సార్, మీ కాలేజీ మీద నీళ్ళ ట్యాంకు ఉందాండి?” అని అడిగింది.

“ఉంటుంది కదమ్మా.”

“దానికి మూతుందా సార్?”

“తెలీదు. నేనెప్పుడూ ఎక్కి చూడలేదు” అన్నారు.

హాల్లో నవ్వులు వినిపించాయి. ఆయన కూడా నవ్వారు. భవాని నవ్వలేదు. “మేము కూడా మా బంద సూళ్ళేదు సార్. మీ క్లాసుని ఒకపాలి పైకి తీసుకెళ్ళండి. అక్కడేటి కనిపిస్తే అదే మొదటి పాఠం” అంది.

ఆయన తలూపి కూర్చున్నారు. పక్కాయన దగ్గర కాగితం అడిగి తీసుకుని ఏదో రాసుకోవడం బిందుమాధవికి వేదిక మీంచి కనిపించింది. నానాజీ వెనకనుంచి, “బస్సు టైమవుతంది మేడమ్” అన్నాడు. ఆమె సీసాలూ ఫోటోలూ సంచిలో సర్దుకుంది. ముగ్గురూ ఎండలోకి నడిచి, అనకాపల్లి బస్సు కోసం నిలబడ్డారు.